దొరసానుల గాజులు

మొన్న పొద్దుగాల చాయ్ తాగుకుంట ఫోన్ తెరిస్తే ఏడుగురు ఒక్కటే ముచ్చట పంపిండ్రు. వచ్చే అమాస లోపట అక్క చెల్లెకు అయిదు పచ్చ గాజులు పెట్టాలెనట. పెట్టకుంటే చెల్లె మీదికి కీడొస్తదట. ఎక్కడ్నో ఒక అక్క నవ్వి ఊకున్నందుకు చెల్లెకు ముక్కుల నుంచి నెత్తురు కారిందట. కింద దండం పెట్టే చేతుల బొమ్మలు రెండు. ఈ ముచ్చట పది మందికి పంపకుంటే అదింకో కీడు మళ్ల!

ముందుగాల నాకు నవ్వొచ్చింది. యాభై ఏండ్ల కింద గిదే కీడు మా ఊరికి ఎద్దుల బండెక్కి వచ్చింది, గిప్పుడు ఫోనెక్కి వచ్చింది. రాష్ట్రం మారె, జిల్లా మారె, మహబూబ్‌నగర్ అని రాసుకునేటోళ్లం నారాయణపేట అని రాసుకోవడ్తిమి, కీడు మాత్రం మారలే. నవ్వుకుంటనే ఈ ముచ్చట చెల్లెకు చెప్దామని ఫోన్ల దాని పేరు వెతికిన. వెతుకుతుంటే యాదికొచ్చింది. నా చెల్లె పోయి రెండేండ్లాయె. చాయ్ గ్లాసు కింద పెట్టిన.

అయినా కోస్గి బజారుకు పోయిన. గాజుల దుకాణంల కాలు పెట్ట జాగ లేదు. కీడు పుణ్యమాని ఆ దుకాణపామెకు పండుగే పండుగ. "ఏ సైజు పెద్దమ్మా?" అన్నది. "రెండుంపావు" అన్న. నా చెయ్యి రెండున్నర. రెండుంపావు నా చెల్లె చెయ్యి. నోరు దానంతట అదే అనేసింది, నేనేం చేద్దు? అయిదు పచ్చ గాజులు కాయిదంల చుట్టి ఇచ్చింది. ఇంటికి తెచ్చి ముంగట పెట్టుకొని సూస్తుంటే మా ఊరి దవాఖాన యాదికొచ్చింది, దాని ఫినాయిలు వాసనతోని సహా.

మా ఊరు కోస్గికి నాలుగు కోసులుంటది. వానొస్తే జొన్న, రాకుంటే బొంబాయి. గంతే మా ఊరి బతుకు. మా బాపు ఏడాదిల ఎనిమిది నెలలు మేస్త్రి ఎంబడి డ్యాముల కాడ మట్టి పనికి పోతుండె. ఇంట్ల అవ్వ, అమ్మ, నేను, చెల్లె. అవ్వ అంటే బాపును కన్నతల్లి. ఆమె మాట మా ఇంట్లనే కాదు, మా వాడకట్టు మొత్తం నడుస్తుండె.

ఊరవతల మిషనోళ్లు కట్టిన పెంకుల ఇల్లే దవాఖాన. దాంట్ల ఇద్దరు తెల్ల దొరసానులు ఉంటుండ్రి. ఒకామె పొడుగ్గ, ఎముకలు పెద్దగ, మాట తక్కువ. ఆమె డాక్టరమ్మ. ఇంకొకామె పొట్టిగ, బుగ్గల మీద నువ్వులు చల్లినట్టు మచ్చలు, గలగల మాట్లాడేది. ఆమె పుండ్లు కడుగుతుండె, మందులు ఇస్తుండె, గందుకని మందులమ్మ. వాళ్ల అసలు పేర్లు ఊర్ల ఎవ్వరికీ నోరు తిరగకపోయేది.

వాళ్లిద్దరు ఒక్క తల్లి పిల్లలని మా ఊరు ఎన్నడో తీర్పు చెప్పేసింది. తీర్పు చెప్పింది మా అవ్వనే. "కండ్లు సూడుండ్రే. ఇద్దరియి పిల్లి కండ్లే. ఒక్క కడుపున పుట్టకుంటే ఇద్దరికీ పిల్లి కండ్లు ఎట్లొస్తయి?" అన్నది. ఇగ దానికి తిరుగు లేదు. పొడుగామె అక్క, పొట్టామె చెల్లె.

అండ్ల ఇంకో ఇచ్చంత్రం ఉండె. ఆ ఇద్దరు మాట్లాడుకునేటోళ్లు కాదు. డాక్టరమ్మ చీటి రాసి నడిమి కిటికీల పెడ్తది. మందులమ్మ ఆ చీటి తీసుకొని మందిస్తది. పని మాటలు రెండు ఉంటే ఇంగ్లీషుల అనుకునేటోళ్లు, అంతకు మించి లేదు. వంటకు రెండు పొయ్యిలు. డాక్టరమ్మ పొయ్యి మీద పొద్దుమాపు కాఫీ వాసన, మందులమ్మ పొయ్యి మీద ఉడికిన ఆలుగడ్డ వాసన. మాకేమో రెండు వాసనలు కావాలె, నేను చెల్లె కిటికీ కింద కూసొని ముక్కులు ఎగబీల్చుకుంటుంటిమి.

"గదే గదనే అక్కచెల్లెండ్లని నేను చెప్తున్నది," అంటుండె అవ్వ. "పరాయోళ్లైతే ఏండ్లకేండ్లు మాట్లాడకుంట ఒక్క ఇంట్ల ఉంటరా? అక్కచెల్లెండ్లకే గంత పంతం. తల్లి సొమ్ముల కాడ పంచాయితి అయ్యుంటది."

మందులమ్మను ఎవరన్న ఇంగ్లీసు దొరసాని అన్నరో, మొహం ఎర్రగైతుండె. మా ఆడోళ్ల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది, మా అవ్వ తెలుగే. "ఇంగ్లీసు గాదు. జర్మనీ గాదు. హాలండ్! మాది హాలండ్!" అనేది. మేము సరే సరే అని తలకాయలూపి, మళ్లొక్కసారి ఇంగ్లీసు దొరసానీ అని పిలుస్తుంటిమి. డాక్టరమ్మను ఏమన్నా ఏమనకపోయేది. ఇంగ్లీసన్నా ఊ, అమెరికా అన్నా ఊ.

ఒకనాడు అవ్వ కాలి పుండుకు కట్టు కట్టుకుంట మందులమ్మ ఉన్నపళంగ అడిగింది. "అవ్వా, నువ్వు గుల్బర్గదానివా?"

అవ్వకు ఎక్కడ లేని కోపమొచ్చింది. "నేనెందుకు గుల్బర్గదాన్నైత? నా మొహం గుల్బర్గ మొహం లెక్కుందా? వాళ్ల మాట వేరు, మా మాట వేరు. వాళ్లు రొట్టె మీద నువ్వులద్దుతరు, మేమద్దుతమా?"

"ఆ. మాది గూడ గంతే," అన్నది మందులమ్మ. "డాక్టరమ్మ దేశం మా పక్కపొంటి దేశం. వాళ్లు వేరు, మేము వేరు."

అవ్వ కాలు ముంగటికి చాపి, "అయినా నువ్వు దొరసానివే గదా," అన్నది. మందులమ్మ నవ్వుకుంట కట్టు ముడేసింది.

బాపు ఇంటికొచ్చినప్పుడు గిదే ముచ్చట చెప్తే బాపు నవ్విండు. పుంటికూర, జొన్నరొట్టె తినుకుంట అన్నడు: "బొంబాయి దిక్కు మమ్ముల అందర్ని మద్రాసీ అంటరు. మద్రాసు నా తాత సూసిండా? నేను సూసిన్నా? మాది పాలమూరు, కోస్గి దిక్కు అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఆఖరుకు మద్రాసీ అంటే ఊ అంటున్న." గంత చెప్పి, చెయ్యి కడుక్కొని, "ఇంగ్లీసు దొరసాని దగ్గర నడుం నొప్పి మందు తేపో బిడ్డా," అన్నడు నాతోని! గట్లుండె మా తెలివి.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. జొన్న మొలక మీదనే మాడిపోయింది. ఊర్ల సగం మంది తట్టాబుట్టా సదురుకొని పోయిండ్రు, బాపు గూడ పోయిండు. ఇండ్లల్ల చింతగింజలు వేయించే వాసన. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, ఉడకబెడ్తే అదే మా పొద్దటి బువ్వ. చెల్లెకు ఆరేండ్లు. అది నమిలి నమిలి దవడలు నొచ్చి ఏడుస్తుండె. దవాఖానల పిల్లలకు పాలపొడి పోస్తుండ్రి. నేను చెల్లె ఆ పొడిని నీళ్లల్ల కలపకుంటనే నోట్ల పోసుకుంటుంటిమి. అంగిట్లకు అంటుకొని మాట రాకపోయేది. మందులమ్మ మా పేర్లు అడిగితే ఇద్దరం ఊ ఊ అని గుడ్లు మిటకరించుడు, ఆమె పక్కున నవ్వుడు.

ఆ దవాఖాన ముంగట మందులమ్మ చిన్న పూలమడి పెంచింది. గడ్డలు పెడ్తే మొలిచే తెల్ల పూలు. ఎండకు ఆకులన్ని వాలిపోయి, మట్టి కింద గడ్డలు మాత్రం మిగిలినయి. ఒక మిట్టమధ్యాహ్నం నేను చెల్లె గోకి చూసినం. అచ్చం ఉల్లిగడ్డ! "రొట్టెల నంజుకోవచ్చే," అన్న నేను. రొట్టె ఏడుందని అడగొద్దు. చెల్లె ఆగితేనా, కసుక్కున కొరికింది.

మందులమ్మ ఎట్ల చూసిందో, చెప్పులు లేకుంట ఆ ఎండల ఉరికొచ్చింది. చెల్లె నోట్ల వేలు పెట్టి తునక మొత్తం బయటికి తీసింది. నీళ్లు పోసి పుక్కిలి పట్టిచ్చింది. నా వీపు మీద ఒక్కటేసింది గూడ, బాగనే తగిలింది. అయినంక ఆ మడి గట్టు మీదనే కూలబడి, కొంగు లేని మనిషి గద, గౌను అంచు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్సింది. దొరసానులు ఏడుస్తరని నాకు గప్పటిదాంక తెల్వది.

"ఇవి తినొద్దు," అన్నది. "మా దేశం గడ్డలు వేరు. వాటిని ఎట్ల తినాల్నో నాకు తెలుసు. రెండు ముక్కలు చేసి నడిమిట్ల పచ్చటి మొలక తీసెయ్యాలె. అది విషం. మిగిలింది ఉడకబెట్టాలె. చేదుగ ఉంటది."

"మీరెందుకు తిన్నరమ్మా? మీకు గూడ కరువా?" అన్న.

అప్పుడు చెప్పింది. ఆమెకు పద్నాలుగేండ్లప్పుడు యుద్ధం నడుస్తుండెనట. జర్మనీ సిపాయిలు వాళ్ల ఊర్లు పట్టుకొని కూసుండిరట. ఒక చలికాలం తిండి రాకుంట బందు పెట్టిండ్రట. వానలు బాగనే పడ్డయి, పంట బాగనే పండింది, అయినా ఊర్లెకు గింజ రాలేదట. పూలగడ్డలు తిన్నరట. ఆమెకొక చెల్లె ఉండెనట, ఆరేండ్లది. ఆ గడ్డలు తినలేక, ఆకలికి తట్టుకోలేక, మంచు కరగకముందే పోయిందట.

"డాక్టరమ్మది జర్మనీ," అన్నది, గంతే. మళ్ల లేసి మట్టి దులుపుకొని, "ఎవ్వరికీ చెప్పకు. ఆమెకు గూడ తెల్వది," అని నా చెయ్యి మీద చెయ్యి ఏయించుకున్నది. నేను ఒట్టు పెట్టిన. నాకప్పుడు పదేండ్లు. గంత పెద్ద ముచ్చటను కడుపుల పెట్టుకొని తిరుగుడు నాకు మస్తు బరువాయె.

వాన ఆలస్యంగ వచ్చింది. వానతోని జ్వరాలొచ్చినయి. గా జ్వరాలతోనే గాజుల కీడు వచ్చింది. తాండూరు దిక్కు నుంచి వచ్చిన బండోడు ఎవడో చెప్పిండట. రెండు దినాలల్ల ఊరు ఊరంత చేతులు చాపుకొని గాజులామె చుట్టూ కూసున్నది. గాజులామె తురుకలామె, మా అవ్వకు దోస్తు. గాజుల మలారం భుజానేసుకొని ఊరూరు తిరిగేది. నేను మా చెల్లెకు అయిదు గాజులు పెట్టిన. అప్పటికే దాని చెయ్యి జ్వరంతోని కాలుతుండె.

అమ్మ పిల్లను ఎత్తుకొని దవాఖానకు బయలెల్లింది. గప్పుడే వాడకట్టుల ఎవరో అడిగిండ్రు. "అవునే, ఆ దొరసానులు గాజులు పెట్టుకున్నరా?"

ఇగ సూడు! పెట్టుకోలే. పెద్దామె చిన్నామెకు గాజులు పెట్టలే. అంటే చిన్నామె మీద కీడున్నది. కీడున్న చేతితోని ఇచ్చే మందు తాగితే ఆ కీడు ఎవరి మీదికొస్తది? అవ్వ తలుపుకు అడ్డంగ నిలబడ్డది. "వద్దు. పిల్లను తీసుకపోవద్దు," అన్నది. అమ్మ ఏడ్సింది, కాళ్ల మీద పడ్డది. అవ్వ కదల్లే. ఆమెకు మనుమరాలంటే పాణం. ఆ పాణం భయంతోనే అడ్డం నిలబడ్డది, పాపం. మా ఇల్లు ఒక్కటే కాదు, నాలుగు దినాలల్ల దవాఖాన మెట్ల మీద మనిషి లేకుంటాయె.

నేను ఉరికి మందులమ్మను తోలుకొచ్చిన. ఆమె మందుల పెట్టె పట్టుకొని ఎగబోసుకుంట వచ్చింది. అవ్వ గడప దాటనియ్యలే. "నీ కాళ్లు మొక్కుత తల్లీ, ముందు మీ అక్కతోని గాజులు పెట్టిచ్చుకో. అయినంక మా పిల్లను ముట్టు," అన్నది.

"ఆమె నాకు అక్క గాదు," అన్నది మందులమ్మ.

"పంతాలకు పోతే అక్క అక్క గాకుంట పోతదా?"

లోపట చాప మీద చెల్లె గుర్రు గుర్రు అని ఊపిరి తీస్తుండె. దాని పెదవులు పగిలి నల్లగైనయి. ఈ పిల్ల పోతదని నాకు నేనే అనుకున్న. ఆ భయం ఇయ్యాల్టికీ నా ఒంట్లనే ఉన్నది.

ఆఖరుకు అవ్వనే తెగించింది. గాజులామెను ఎంటేసుకొని, అమ్మ భుజం మీద చెల్లెను ఏయించి, దవాఖానకు నడిసింది. ఎనుక వాడకట్టు ఆడోళ్లంత. మా ఊర్ల పెండ్లికి గూడ గంత మంది నడవరు. దవాఖాన అరుగు మీద గాజులామె బట్ట పరిచింది, మలారం ఇప్పింది. అవ్వ లోపటికి కేకేసింది. "డాక్టరమ్మా! బయటికి రా తల్లీ. మీ చెల్లెకు అయిదు గాజులు పెట్టు. మా పిల్ల చావుబతుకుల మీదున్నది."

డాక్టరమ్మ బయటికొచ్చి నిలబడ్డది. ఆమెకు సంగతి సమజ్ కాలే. మా ఎంబడే నడిచొచ్చిన మందులమ్మ గోడకానుకొని, చేతులు ఎనుకకు పెట్టుకొని, "పెట్టిచ్చుకోను. నేను ఆమె చెల్లెను గాను," అన్నది. అవ్వ బతిలాడవట్టె. మందులమ్మ తల అడ్డం ఊపవట్టె. అమ్మ భుజం మీద చెల్లె మెడ వాలిపోయింది.

నేను ఆగలేకపోయిన. వాళ్లు అక్కచెల్లెండ్లు గాదని తెలిస్తే ఇగ కీడే లేదు గద, పిల్లను లోపటికి తీసుకపోతరు గద అని నా లెక్క. గట్టిగ ఒర్రిన: "అవ్వా, వాళ్లు నిజంగనే అక్కచెల్లెండ్లు గాదే! ఈమెది వేరే దేశం. ఈమె చెల్లె సచ్చిపోయింది. ఆరేండ్ల పిల్ల. డాక్టరమ్మ దేశపోళ్లు తిండి రానియ్యక ఆకలికి సచ్చిపోయింది! పూలగడ్డలు తిన్నరంట!"

మందులమ్మ నా దిక్కు సూసింది. ఆ సూపు నేను మరువలే. కోపం గాదు అది. దాచుకున్నదాన్ని దొంగ ఎత్తుకపోయినప్పుడు సూసే సూపు.

డాక్టరమ్మ రెండు మెట్లు దిగి వచ్చింది. ఇంగ్లీషుల గాదు, వాళ్ల భాషల్ల గాదు, మా తెలుగులనే అడిగింది. నేను ఒర్రింది తెలుగులనే గద, గందుకేనేమో.

"ఎన్నేండ్లు అన్నవు?"

"ఆరు," అన్నది మందులమ్మ.

"నువ్వు పెద్దదానివా?"

"ఆ. నేను అక్కను. నేను చెల్లెను గాను. నేనే అక్కను."

డాక్టరమ్మ చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక కోటు జేబులల్ల పెట్టింది, మళ్ల తీసింది. "నేనప్పుడు పద్దెనిమిదేండ్లదాన్ని," అన్నది. "మా ఇంట్ల రొట్టె ఉండె. నేను తిన్న."

గంత మాటే. సాకు చెప్పలే, తప్పయిందనలే. మా అవ్వ అరుగు మీద కూలబడ్డది. కరువు సూసిన మనిషి ఆమె, తిండి ఉండి రానియ్యకపోవుడు అన్నది ఆమెకు సమజ్ అయిందో లేదో. "ఎవరి బాధ వాళ్లకే ఎరుక తల్లీ," అని గొణుక్కున్నది. అయినా ఆ కీడు భయం మాత్రం ఆమె కండ్లల్ల గట్లనే ఉండె. చెల్లె వీపు నిమురుతున్నది గని, లోపటికి తీసుకపోండ్రని మాత్రం అంటలే.

మందులమ్మ అది కనిపెట్టింది. మా చెల్లె మొహం దిక్కు ఒకసారి సూసింది. గోడ ఇడిసి ముంగటికి వచ్చి, గాజులామె బట్ట మీద కూసొని చెయ్యి చాపింది.

"ఈమె నాకు అక్క గాదు," అన్నది అందరు వినేటట్టు. "అయినా చెయ్యి ఇస్తున్న. పెట్టమనుండ్రి. పిల్లను లోపటికి తేండ్రి."

డాక్టరమ్మ ఎదురుంగ కూసున్నది. సూదులేసే చెయ్యి, పొట్టలు కోసి కుట్టే చెయ్యి, గాజు పెట్టుడు మాత్రం దానికి రాలే. మొదటిది పటుక్కున పలిగింది. రెండోది పలిగింది. గాజులామె తల కొట్టుకొని, "అరె అమ్మా, జోర్ జెయ్యకు. చెయ్యి ఢీలా ఇడువు. బొటనవేలు లోపటికి మడువు, ఎముక మీదికెల్లి నిమ్మళంగ జరుపు," అని డాక్టరమ్మ వేళ్లు పట్టుకొని నేర్పింది. మూడోది గూడ పలిగి మందులమ్మ మణికట్టు మీద నెత్తురొచ్చింది. మొత్తానికి నాలుగోది, అయిదోది ఎక్కినయి. "రెండు సాలు, రెండు సాలు," అన్నది అవ్వ. అయిదు లేకుంటే కీడు పోదని నాలుగు దినాలు ఒర్రిన మనిషే!

డాక్టరమ్మ అక్కడ్నే దూది తీసి ఆ నెత్తురు తుడిసింది. అయినంక లేసి అమ్మ భుజం మీద నుంచి చెల్లెను అందుకొని లోపటికి నడిసింది. మందులమ్మ గాజులు గలగలమనుకుంట ఎనుకనే పోయింది.

ఇరవై దినాలు పట్టింది. ఇద్దరు వంతులేసుకొని కూసున్నరు. చెల్లె లేసి అంబలి తాగిన దినం అవ్వ దవాఖాన గడపకు పసుపు రాసింది.

నేను మాత్రం మందులమ్మ ముంగటికి పోనీకి సిగ్గుపడి దాక్కుంటుంటి. ఒకనాడు ఆమెనే పట్టుకున్నది. "ఒట్టు పెట్టి చెప్పిన్నమ్మా, తప్పయింది," అని ఏడ్సిన. "నువ్వు చెప్పినందుకు కోపమొచ్చింది," అన్నది. "నీ చెల్లె బతికినందుకు పోయింది." నా నోట్ల పాలపొడి పోసింది, మాట రాకుంట.

వాళ్లిద్దరు ఆ తర్వాత కలిసిపోయిండ్రని అవ్వ ఊరంత చెప్పుకున్నది. నాకైతే గట్ల కానరాలే. చీటి కిటికీలనే ఉండేది. ముచ్చట్లు పెట్టుకున్నది నేను సూడలే. కని మాపటిపూట అరుగు మీద రెండు కుర్చీలేసుకొని కూసునేటోళ్లు. ఒక్క కాఫీ గిన్నెల నుంచి ఇద్దరు పోసుకునేటోళ్లు. పొయ్యి ఒక్కటే ముట్టిచ్చుడు మొదలైంది. మాకు కిటికీ కింద రెండు వాసనలు కలిసి వచ్చుడు గప్పటి సంది.

నేను పై తరగతికి కోస్గిల చదువుతున్నప్పుడు డాక్టరమ్మ పోయింది. ఆ దవాఖాన ఎనుకనే పూడ్సిపెట్టిండ్రు. పీనుగకు నీళ్లు పోసింది, కొత్త బట్ట కట్టింది మందులమ్మనే. నేను పక్కన నిలబడి, చిన్నప్పటి నోరు ఊకుంటదా, మెల్లగ అడిగిన: "ఇప్పుడన్న ఆమె మీకు అక్కేనా అమ్మా?"

"గాదు," అన్నది మందులమ్మ. గంతే అన్నది. ఆమె మణికట్టు మీద ఒక్కటే పచ్చ గాజు మిగిలుండె. పని చేసినంత సేపు అది పలగకుంట చెయ్యి దూరంగ పట్టుకొని చేసింది.

ఏడాది తిరగకముందే ఆమె గూడ వాళ్ల దేశం పోయింది. దవాఖానకు తాళం పడ్డది, పెంకులు ఎవరివాళ్లు ఎత్తుకపోయిండ్రు. తెలంగాణ వచ్చినంక ఆ జాగల ప్లాట్ల రాళ్లు పాతిండ్రు. పోయినేడు పోయి సూసొచ్చిన. అరుగు లేదు, కిటికీ లేదు, పూలమడి లేదు. ఫినాయిలు వాసన వస్తదేమోనని పిచ్చిదాని లెక్క గాలి పీల్చిన. మట్టి వాసనే వచ్చింది.

నా చెల్లె యాభై దాటి బతికింది. నలుగుర్ని కన్నది, ఊరందరితోని కొట్లాడింది, నాతోని అయితే వారానికొకసారి. ఏడాదికోసారి నా ముంగట చెయ్యి చాపి, "గాజులు పెట్టవే అక్కా, నీ కీడు నాకెందుకు," అని ఎక్కిరిచ్చేది. ఇప్పుడు ఎక్కిరిచ్చేటోళ్లు లేరు. దాని మీద నాకెంత పాణమో దానికి ఒక్కనాడు చెప్పలే. మందులమ్మ ఆ మడి గట్టు మీద ఎందుకు గట్ల ఏడ్సిందో ఇప్పుడు సమజ్ అయితున్నది. చెల్లె లేని అక్క అంటే ఏందో ఇప్పుడు ఎరుకైంది.

నిన్న పొద్దుగాల నేనుండే కోస్గి గల్లీల కొత్త ఇల్లు కట్టే కాడికెల్లి ఒక పిల్ల నీళ్లకని మా నల్లా కాడికొచ్చింది. ఇటుకలు మోసే పిల్ల. గల్లీ అంత వాళ్లను బీహారోళ్లు అంటది. నేను గూడ ఆర్నెల్ల సంది గదే అంటున్న, అబద్ధమెందుకు. బిందె నిండేదాంక ఊకుండలేక, నాకొచ్చిన హిందీల, "బీహార్ల ఏ ఊరు బిడ్డా?" అని అడిగిన.

ఆ పిల్ల మొహం ఎర్రగాయె. "బీహార్ నహీఁ! ఒడిశా! బలంగీర్!" అన్నది.

నాకు ఒక్కసారి నవ్వు, ఏడుపు రెండూ వచ్చినయి. మా మందులమ్మ మొహమే అది. "ఒడిశా, ఒడిశా. బలంగీర్," అని రెండుసార్లు అన్న, నా నోటికి పట్టేదాంక. అక్క ఉన్నదా అని అడిగిన. ఉన్నదట, ఊర్లనే ఉన్నదట, మూడేండ్లాయెనట సూడక.

లోపటికి పోయి కాయిదం పొట్లం తెచ్చిన. ఆ పిల్లకు తెలుగు రాదని తెలుసు, అయినా తెలుగులనే అన్న.

"నువ్వు నాకు చెల్లెవు గాదు బిడ్డా. అయినా చెయ్యి తే."

ఏం సమజ్ అయిందో, బిందె కింద పెట్టి, తడి చెయ్యి కొంగుకు తుడుసుకొని చాపింది. గాజులామె చెప్పినట్టే బొటనవేలు లోపటికి మడిచి, ఎముక మీదికెల్లి నిమ్మళంగ జరిపిన. ఒక్కటి గూడ పలగలే. అయిదుకు అయిదు ఎక్కినయి. ఆ పిల్ల చెయ్యి గూడ రెండుంపావే.